కుండపోత వానలు, కాలం చెల్లిన ఒక మాట

కుండపోత వాన ఎక్కడ ముంచెత్తినా ఒక మాట వినిపిస్తుంది: ‘ఏ ఒక్క వానకూ వాతావరణ మార్పే కారణమని చెప్పలేమని శాస్త్రవేత్తలే అన్నారు కదా!’ అన్నారు, నిజమే. ఎప్పుడు అన్నారో మాత్రం చెప్పరు.

మూలసూత్రంపై పేచీ లేదు. వేడి పెరిగితే గాలిలో ఇమిడే నీటి ఆవిరి ఎంత పెరుగుతుందో చెప్పే సూత్రాన్ని క్లాపేరాన్, క్లాసియస్ 19వ శతాబ్దంలోనే ఇచ్చారు. ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 7 శాతం. లేనిదల్లా ఆ సూత్రాన్ని ఫలానా రోజు పడిన ఫలానా వానకు అన్వయించే పద్ధతి. అందుకే ఒకప్పుడు శాస్త్రవేత్తలు ఆచితూచి మాట్లాడారు.

2003 జనవరిలో థేమ్స్ నది వరద తన వంటింటి గుమ్మానికి 30 సెంటీమీటర్ల దూరానికి వచ్చిందని రాస్తూనే, బ్రిటన్ వాతావరణ శాస్త్రవేత్త మైల్స్ అలెన్ ‘నేచర్’ పత్రికలో ఇలాంటి నష్టాలకు బాధ్యులెవరని అడిగారు. అక్కడి నుంచి ప్రశ్న తీరు మారింది. ‘కారణమా, కాదా’ అని కాక, ‘భూతాపం వల్ల ముప్పు ఎన్ని రెట్లు పెరిగింది’ అని అడగడం మొదలైంది. 2000 శరదృతువులో ఇంగ్లండ్, వేల్స్‌లను ముంచిన వరదలపై 2011లో జవాబు వచ్చింది. ఎందరో స్వచ్ఛందంగా ఇచ్చిన ఇంటి కంప్యూటర్ల మీద, వేడెక్కిన భూమినీ వేడెక్కని భూమినీ వేలసార్లు లెక్కగట్టి పోల్చారు. పదింట తొమ్మిది సందర్భాల్లో వరద ముప్పు 20 శాతానికి పైగా పెరిగిందని తేలింది. అలెన్ కూడా ఆ బృందంలో ఉన్నారు.

దాంతో పాత మాటకు కాలం చెల్లింది. అయినా అది చలామణీలోనే ఉంది. పక్కన మరో వాదన కూడా చేరింది: ‘సగటు వర్షపాతం మారలేదు, ఇక మార్పెక్కడ?’ నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా తోచేది ఇదే, ఎందుకంటే ఇందులో అబద్ధం కనిపించదు. మధ్య భారతంలో 1951 నుంచి 2000 దాకా వర్షాల లెక్కలను వాతావరణ శాస్త్రవేత్త గోస్వామి బృందం 2006లో పరిశీలించింది. అతి భారీ వానలు పెరిగాయి, ఓ మోస్తరు వానలు తగ్గాయి. ఒకటి పెరిగి ఒకటి తగ్గితే సగటు కదలదు. కానీ నెమ్మదిగా పట్టిన ముసురు నేలలోకి ఇంకుతుంది. అదే నీరు ఒక్క పూటలో కురిస్తే పైమట్టిని ఊడ్చుకుపోతుంది. పొలానికి కావలసింది సగటు కాదు.

‘ప్రపంచమంతటా వరదలు పెరిగాయనడానికి గట్టి ఆధారం లేదని ఐపీసీసీయే (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) ఒప్పుకుంది’ అనే వాదన సగం వాక్యంతో ఆడే ఆట. వాన వేరు, వరద వేరు. నేలలోని తేమ, ఆనకట్టలు, కరిగే మంచు, కాలువల మీద కట్టిన ఇళ్లు, అన్నీ కలిస్తేనే వరద. 1950ల నుంచి, తగినన్ని రికార్డులున్న భూభాగాల్లో ఎక్కువచోట్ల భారీ వర్షాలు పెరిగాయని అదే ఐపీసీసీ 2021 నివేదిక చెబుతోంది.

ప్రతి వాననూ భూతాపం ఖాతాలో వేసే ఉత్సాహవంతులూ ఈ వాదనలకు ఊతమిస్తున్నారు. అది నన్ను బాధిస్తుంది.

ఇక ‘ఇలాంటి వానలు మా తాతల కాలంలోనూ పడ్డాయి’ అనేది. పడ్డాయి. ఆ రోజుల్లో పదేళ్లకోసారి పడే స్థాయి వాన, భూమి ఒక డిగ్రీ వేడెక్కేసరికి 1.3 రెట్లు తరచుగా పడుతోంది. రెండు డిగ్రీలకు చేరితే అది 1.7 రెట్లు.