పుట్ "ఓకే" అన్నంత మాత్రాన డిస్కులో పడ్డట్టు కాదు: కీ-వాల్యూ స్టోరేజ్ అపోహలు - వాస్తవాలు

"పుట్ సక్సెస్ అనే వచ్చిందండీ, కరెంటు పోయి వచ్చాక చూస్తే కీ లేదు, డేటాబేస్‌లో బగ్గా?" కీ-వాల్యూ స్టోర్ అంటే ఒక పేరు (కీ) కింద ఒక విలువ (వాల్యూ) దాచే డేటాబేస్, పుట్ అంటే అందులో రాయమనే ఆదేశం. ఈ ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి రాస్తున్నాను. చాలాసార్లు బగ్గు కాదు.

అపోహ: రైట్ కాల్ ఎర్రర్ లేకుండా తిరిగొస్తే డేటా డిస్కులో ఉన్నట్టే.

వాస్తవం: అప్పటికి అది కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పేజ్ క్యాష్‌లో, అంటే ర్యామ్‌లోనే ఉంటుంది. లినక్స్ మామూలు సెట్టింగుల్లో డర్టీ పేజీ (ఇంకా డిస్కుకి రాయని డేటా) 30 సెకన్ల దాకా అక్కడే కూర్చోవచ్చు. మీ ప్రోగ్రామ్ ఒక్కటే చచ్చిపోతే నష్టం లేదు, కెర్నెల్ తర్వాత రాసేస్తుంది. అందుకే కిల్ మైనస్ నైన్ (ప్రోగ్రామ్‌ని బలవంతంగా చంపే కమాండ్) కొట్టి చూసి "మా డేటా భద్రం" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, కరెంటు పోతే ఏమవుతుందో ఆ టెస్ట్ చెప్పదు కదా! ఎఫ్‌సింక్ (డేటాని డిస్కుకి రాసేయమని కెర్నెల్‌కి చెప్పే కాల్) పిలిచి, అది సక్సెస్‌తో తిరిగొస్తేనే నమ్మాలి. లెవెల్‌డీబీ, రాక్స్‌డీబీ అనే కీ-వాల్యూ స్టోర్లు రెండింట్లోనూ రైట్ ఆప్షన్లలో సింక్ డిఫాల్టుగా ఫాల్స్, అంటే మీరు అడిగితే తప్ప ప్రతి రైట్‌కీ ఎఫ్‌సింక్ చేయవు. మ్యాక్‌లోనైతే ఎఫ్‌సింక్ కూడా చాలదు, డ్రైవ్ సొంత క్యాష్ ఖాళీ కావాలంటే ఎఫ్-ఫుల్‌ఎఫ్‌సింక్ వాడాలి.

ఎఫ్‌సింక్ ఫెయిలైతే మళ్లీ పిలిస్తే సరిపోతుందనుకోకండి. రెండోసారి సక్సెస్ అని చెప్పి, డేటా మాత్రం రాయకపోవచ్చు. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లు దీని మీదే తలలు పట్టుకుని, చివరికి ఎఫ్‌సింక్ ఎర్రర్ వస్తే సర్వర్‌ని ఆపేసి లాగ్ (మార్పులన్నీ ముందే రాసుకునే ఫైల్) నుంచి రికవర్ అయ్యేలా మార్చారు.

ఆ మధ్య ఒక కుర్రాడు ఏడుపు గొంతుతో ఫోన్ చేశాడు, సెట్టింగ్స్ జేసన్ ఫైల్ సున్నా బైట్లైపోయిందట. పాత ఫైల్‌నే రైట్ మోడ్‌లో ఓపెన్ చేసి దానిమీదే రాస్తున్నాడు. ఓపెన్ కాగానే పాతది తుడిచిపెట్టుకుపోతుంది, కొత్తది ఇంకా పడలేదు, ఆ సందులో మెషీన్ ఆగింది. టెన్షన్ పడకు బాబూ, అందరూ మొదట అలాగే రాస్తారు అన్నాను. అదే ఫోల్డర్‌లో టెంపరరీ ఫైల్ రాసి, ఎఫ్‌సింక్ చేసి, రీనేమ్ చేసి, ఆ ఫోల్డర్‌కీ ఎఫ్‌సింక్ చేస్తే పాతదో కొత్తదో ఏదో ఒకటి పూర్తిగా మిగులుతుంది.

ఇక మిగతావి గబగబా. ఎఫ్‌సింక్‌తో స్పీడ్ పోతుందా? ప్రతి కీకీ విడిగా చేస్తే పోతుంది, కొన్ని రైట్లు కలిపి బ్యాచ్‌గా చేయండి. డిలీట్ చేస్తే డిస్క్ వెంటనే ఖాళీ అవుతుందా? ఎల్ఎస్ఎమ్ స్టోర్లలో (లెవెల్‌డీబీ, రాక్స్‌డీబీ లాంటివి) కాదు, ముందు టూంబ్‌స్టోన్ (తీసేశామనే గుర్తు) పడుతుంది, కంపాక్షన్ (పాత ఫైళ్లని కలిపి పనికిరానివి తీసేయడం) జరిగాకే జాగా వస్తుంది. కీ, వాల్యూ అనే రెండు కాలమ్‌ల టేబుల్‌కి ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్‌లో ఉండే చిన్న డేటాబేస్) అనవసరపు బరువా? ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, ఏది వాడాలో తేలనప్పుడు నేను వాడమని చెప్పేది ఎస్‌క్యూలైటే.