ఆఫ్ చేశాం కదా అనుకోకండి: ఇంట్లో చేసే ఆంప్లిఫయర్ పవర్ వైరింగ్, అపోహలు - వాస్తవాలు

కోఠి గుజరాతీ గల్లీలో ఆంప్లిఫయర్ బోర్డు కొనడానికి గంటసేపు బేరమాడే కుర్రాళ్లు స్విచ్ దగ్గరకి వచ్చేసరికి "ఏదో ఒకటి ఇవ్వన్నా" అంటారు. నా టేబుల్ మీదకి రిపేరుకి వచ్చే అసెంబుల్డ్ సెట్లలో సగం పైగా గొడవ ఆ "ఏదో ఒకటి" దగ్గరే ఉంటుంది.

అపోహ: స్విచ్ ఏ వైరులో పెట్టినా ఒకటే.

వాస్తవం: పాట ఆగిపోతుంది, లైటు ఆరిపోతుంది, అంతవరకూ ఒకటే. కానీ స్విచ్ న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి వెళ్లే వైరులో) పడితే ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (మెయిన్స్ వైపు చుట్ట) దాకా వచ్చి కూర్చునే ఉంటుంది, మీరేమో ఆఫ్‌లోనే ఉందిగా అని మూత తీసి చెయ్యి పెడతారు, షాక్ కొడుతుంది. లేదన్నా ఫేజ్‌లోనే పెట్టాను అంటారా, ప్లగ్ రెండు పిన్నులదైతే రేపు ఇంట్లో ఇంకెవరో తిప్పి పెడతారు, మీ ఫేజ్ కాస్తా న్యూట్రల్ అయిపోతుంది. అందుకే నేను మూడు పిన్నుల ప్లగ్గే వేస్తా, స్విచ్ కూడా రెండు వైర్లనీ ఒకేసారి తెంచే డబుల్ పోల్ రాకర్. సాకెట్‌కి ఎదురుగా నిలబడితే ఎర్త్ పైన, ఫేజ్ కుడివైపు ఉండాలి, పాత ఇళ్లలో తారుమారుగా ఉండటం మామూలే కాబట్టి టెస్టర్ పెట్టి చూసుకోండి. ఎర్త్ వైరుని మెటల్ డబ్బాకి బిగించేటప్పుడు అక్కడ పెయింట్ గీకండి బాబూ, పెయింట్ మీద బోల్టు బిగించి ఎర్తింగ్ ఇచ్చేశా అంటే ఎలా.

అపోహ: 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరే కదా, 16 వోల్టుల కెపాసిటర్ చాలు.

వాస్తవం: నా మొదటి సెట్‌లో నేనూ ఇదే చేశా, 12-0-12 (మధ్య వైరుకి అటూ ఇటూ 12 వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మర్) కి 16 వోల్టులవి, పైకప్పు ఉబ్బి పగిలి గదంతా కంపు, అమ్మ తిట్లు వేరే. 12 అంటే ఆర్‌ఎంఎస్, అంటే ఏసీకి చెప్పే ప్రభావ విలువ, శిఖరం కాదు, రెక్టిఫై చేశాక (డయోడ్లతో డీసీగా మార్చాక) దానికి 1.414 రెట్లు, అంటే 17 దాకా, డయోడ్‌లో 0.7 పోయినా 16 దాటేస్తుంది, లోడ్ లేనప్పుడు ఇంకా పైకి. 25 వోల్టులవి వేయండి, 35 అయితే నిశ్చింత. ఇదే లెక్కన టీడీఏ2030 ఆంప్లిఫయర్ ఐసీకి 15-0-15 పెట్టకూడదు, దాని లిమిట్ అటూ ఇటూ 18 వోల్టులే, మీరిచ్చేది 20 దాటుతుంది.

అపోహ: 5 ఆంప్స్ అడాప్టర్ పెడితే 1 ఆంప్ బోర్డు కాలిపోతుంది.

వాస్తవం: కాలదు. వోల్టేజీ, ప్లస్ మైనస్ సరిగ్గా ఉంటే చాలు, బోర్డు తనకి కావలసినంతే లాక్కుంటుంది.

లైటు వెలిగే రాకర్ స్విచ్‌ని 12 వోల్టుల డీసీలో పెట్టి లైటు రావట్లేదు, స్విచ్ పోయింది అని తెచ్చేవాళ్లు కూడా ఉన్నారు. లోపలున్నది నియాన్ బల్బు అయితే 12 వోల్టులకి అది వెలగదు, స్విచ్ శుభ్రంగానే ఉంది.

అపోహ: ఫ్యూజ్ ఉంటే ఐసీ సేఫ్.

వాస్తవం: ఐసీ ముందే పోతుంది, ఫ్యూజ్ ఆ తర్వాత పోతుంది. అది ఉన్నది వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్ అంటుకోకుండా. ఫేజ్‌లో, స్విచ్ కంటే ముందు, స్లో బ్లో రకం (ఆన్ చేసిన క్షణంలో వచ్చే ఎక్కువ కరెంటుకి పోనిది) పెట్టండి. పోయింది కదా అని రాగి తీగ చుట్టేవాళ్లతో నేను వాదించను.

ఇక ఆఫ్ చేసి ప్లగ్ పీకేస్తే లోపల కరెంటేమీ ఉండదు అనేది ఇంకో అపోహ. 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో చార్జ్ అలాగే ఉంటుంది, దాని రెండు కాళ్ల మధ్య 2.2 కిలోఓమ్స్, అర వాట్ రెసిస్టర్ ఒకటి సోల్డర్ చేస్తే నిమిషంలోపు ఖాళీ అవుతుంది, ఖర్చు రూపాయో రెండో. ఎస్‌ఎంపీఎస్ (పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లేని, మొబైల్ చార్జర్ లాంటి పవర్ సప్లై) అయితే మాత్రం ప్రైమరీ వైపు కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, మీటర్ పెట్టి చూడనిదే నేనైతే వేలు పెట్టను.