టర్కీ కోడి: అపోహలు - వాస్తవాలు

మాసచూసెట్స్‌లో అడవి టర్కీ కోళ్లు ఎన్ని ఉన్నాయో లెక్క తీయడం, గూళ్లు వెతకడం, పుట్టిన పిల్లల్లో ఎన్ని బతుకుతున్నాయో చూడటం నా ఉద్యోగం. బోస్టన్ శివార్లలో ఉండే తెలుగువాళ్లకి ఈ పక్షి బాగా తెలుసు. వీధుల్లో గుంపులుగా తిరుగుతుంది, ఆపి ఉంచిన కారులో తన ప్రతిబింబం కనిపిస్తే ఇంకో పుంజు అనుకుని పొడుస్తుంది. అయినా జనం నన్ను అడిగే ప్రశ్నల్లో చాలావరకు నవంబరులో జరిపే థాంక్స్‌గివింగ్ పండగ విందులో కబుర్ల నుంచి వచ్చినవే. ఫారంలో పెంచే తెల్ల టర్కీని మనసులో పెట్టుకుని అడవి పక్షి గురించి మాట్లాడటం వల్లే ఈ అపోహలన్నీ.

అపోహ: ఇది టర్కీ దేశపు పక్షి.

కాదు. ఇది పూర్తిగా అమెరికా ఖండానిది. టర్కీల్లో ఇప్పుడు బతికున్నవి రెండే జాతులు. ఒకటి కెనడా దక్షిణ అంచు నుంచి మెక్సికో దాకా కనిపించే అడవి టర్కీ. రెండోది యుకటాన్ ద్వీపకల్పం, బెలీజ్, ఉత్తర గ్వాటెమాలా అడవుల్లో మాత్రమే ఉండే ఒసెలేటెడ్ టర్కీ. దీని తల నీలం, తోక ఈకల మీద నెమలి కళ్లలాంటి మచ్చలు ఉంటాయి. చూసిన ఎవరికైనా నెమలి గుర్తొస్తుంది. నిజానికి నెమలి, మన నాటుకోడి, టర్కీ మూడూ ఒకే కుటుంబం.

సుమారు 2000 ఏళ్ల కిందటే మెక్సికో ప్రజలు టర్కీని మచ్చిక చేశారు. 16వ శతాబ్దం మొదట్లో స్పెయిన్ వాళ్లు ఆ పెంపుడు పక్షుల్ని యూరప్ తీసుకెళ్లారు. తర్వాత అమెరికాకి వలస వచ్చిన ఇంగ్లిష్ వాళ్లు వాటినే ఓడల్లో మళ్లీ ఇక్కడికి తెచ్చుకున్నారు.

మన దేశానికి కూడా ఇది పాతకాలంలోనే వచ్చింది. 1612లో మొఘల్ అధికారి ముఖర్రబ్ ఖాన్ గోవాలో కొన్న వింత జంతువులతో పాటు ఒక టర్కీ పుంజునీ జహంగీర్ దర్బారుకి తెచ్చాడు. చక్రవర్తి దాన్ని ఎంత శ్రద్ధగా గమనించాడంటే, దాని తల ఒకసారి పగడంలా ఎర్రగా, కాసేపటికి దూదిలా తెల్లగా, మరోసారి ఫిరోజా రాయి రంగులో కనిపిస్తుందని తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఇది అక్షరాలా నిజం. తల మీది చర్మంలో రక్తనాళాలు ఉబ్బినా ముడుచుకున్నా రంగు మారిపోతుంది. ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ వేసిన ఆ పక్షి బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ముక్కు మీంచి వేలాడే తోలుతో సహా ప్రతి వివరం అందులో ఉంది. దాన్ని చూసి ఇప్పటికీ పాఠం చెప్పొచ్చు.

అపోహ: దీన్ని మచ్చిక చేసింది మాంసం కోసమే.

ఇప్పటి అమెరికా నైరుతి ప్రాంతంలో ప్యూబ్లో అనే ఆదివాసుల పూర్వీకులు మెక్సికోతో సంబంధం లేకుండా విడిగా టర్కీలను పెంచారు. ఎన్నో శతాబ్దాల పాటు వాళ్లకి ముఖ్యం ఈకలే. యుక్కా అనే మొక్క నారతో తాడు పేని, దానికి మెత్తటి ఈకలు చుట్టి దుప్పట్లు నేసేవాళ్లు. యూటా ఆగ్నేయ ప్రాంతంలో దొరికిన సుమారు 800 ఏళ్ల నాటి ఒక దుప్పటిని పరిశోధకులు పరిశీలిస్తే, దానికి 11,000కు పైగా ఈకలు పట్టి ఉంటాయని తేలింది. ముదిరిన ఈకలు రాలే కాలంలో పక్షికి నొప్పి లేకుండానే లాగి తీసుకోవచ్చు, ఏటా తీసుకోవచ్చు. కొండ ప్రాంతపు చలిలో అప్పుడే పుట్టిన బిడ్డ నుంచి ముసలివాళ్ల దాకా కప్పుకున్నది ఇదే. మెక్సికోలో దీనికి దైవత్వం కూడా ఉండేది: తెస్కత్లిపోకా అనే దేవుడి ఒక రూపం టర్కీయే.

అపోహ: టర్కీకి బుర్ర లేదు. వాన పడితే నోరు తెరిచి పైకి చూస్తూ మునిగి చస్తుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. టర్కీ కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. పైన ఏముందో చూడాలంటే తల పక్కకి వంచాల్సిందే. కొన్ని పెంపుడు టర్కీలకి జన్యులోపం వల్ల తల వెనక్కి వాల్చి కదలకుండా ఉండిపోయే జబ్బు వస్తుంది. అలాంటి పక్షిని చూసిన ఎవరో ఈ కథ అల్లి ఉండొచ్చు. వానతో అసలు ప్రమాదం పిల్లలకి. మొదటి వారాల్లో వాటి ఒంటి మీద ఎక్కువగా నూగే ఉంటుంది, తడిస్తే చలికి చచ్చిపోతాయి. మే, జూన్‌లలో వరసగా ముసురు పట్టిందంటే ఆ ఏడు పిల్లలు బాగా తగ్గుతాయని మాకు ముందే అర్థమవుతుంది.

అపోహ: ఎగరలేదు.

ఫారంలో రొమ్ము మాంసం కోసం పెంచిన తెల్ల రకం ఎగరలేదు. బరువు ఎంత పెరిగిపోయిందంటే సహజంగా జత కూడటం కూడా దానికి సాధ్యం కాదు, కృత్రిమ గర్భధారణే. అడవి టర్కీ కొద్ది దూరమే ఎగిరినా గంటకి 80 కిలోమీటర్లు దాటే వేగం అందుకోగలదు. ప్రతి రాత్రీ చెట్టెక్కి నిద్రపోతుంది. పిల్లలు కూడా రెండు వారాలకే కొమ్మ మీదికి ఎగురుతాయి. ఆ రెండు వారాలూ తల్లి నేల మీదే వాటిని రెక్కల కింద పెట్టుకుని కూర్చుంటుంది. నక్కలకి, రకూన్లకి దొరికిపోయేది అప్పుడే.

అపోహ: పుంజు పురి విప్పేది తన కోసమే.

వసంతంలో రెండు మూడు పుంజులు పక్కపక్కనే నిలబడి, ఒకే లయలో పురి విప్పి, పెట్టల ముందు అడుగులు వేయడం మామూలే. పోటీ పడుతున్నాయని చూసేవాళ్లు అనుకుంటారు. కాలిఫోర్నియాలో అలన్ క్రాకవర్ అనే పరిశోధకుడు ఈ గుంపుల్ని గమనించి, డీఎన్ఏ పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించాడు. ఆ పుంజులు అన్నదమ్ములు. జత కట్టేది పెద్దరికం ఉన్న ఒక్కటే, మిగతావాటికి ఒక్క పిల్ల కూడా పుట్టలేదు. అయినా అవి సీజనంతా నిలబడి దానికి తోడు పురి విప్పుతాయి, వేరే పుంజుల్ని తరుముతాయి. తోడుగా సోదరుడు ఉన్న పెద్ద పుంజుకి ఒంటరి పుంజు కంటే చాలా ఎక్కువ పిల్లలు పుడతాయి. సోదరుడి పిల్లల్లో తన రక్తమే ఉంది కాబట్టి సాయపడిన దానికీ లెక్క సరిపోతుంది. పక్షుల్లో ఇంత స్పష్టమైన ఉదాహరణలు అరుదు.

ఇక పెట్ట చూసేది ముక్కు మీద వేలాడే తోలు పొడవు. అది పొడవుగా ఉన్న పుంజుల్లో పేగుల్లో కాక్సీడియా పరాన్నజీవులు తక్కువని పరిశోధనల్లో తేలింది.

అపోహ: బెంజమిన్ ఫ్రాంక్లిన్ దీన్ని జాతీయ పక్షి చేయమన్నాడు.

అలా ప్రతిపాదించలేదు. 1784 జనవరిలో కూతురికి రాసిన ఉత్తరంలో, ఒక సంఘం పతకం మీది గద్ద బొమ్మ టర్కీలా ఉందన్న మాట వచ్చినప్పుడు, గద్ద కంటే టర్కీయే గౌరవనీయమైన పక్షి అన్నాడు. అంతే. దేశ ముద్ర కోసం 1776లో ఆయన సూచించినది బైబిల్లోని మోషే సముద్రం దాటే దృశ్యం.

అపోహ: 1621 నాటి మొదటి థాంక్స్‌గివింగ్ విందులో ప్రధాన వంటకం టర్కీ.

ఆ విందు చేసుకున్న ప్లిమత్ ఇంగ్లిష్ వలసదారుల్లో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో రాసిన ఉత్తరంలో వేటాడిన పక్షులు, అక్కడి ఆదివాసులైన వాంపనోగ్ ప్రజలు తెచ్చిన ఐదు జింకలు ఉన్నాయి. టర్కీ పేరు లేదు. ఆ శరదృతువులో టర్కీలు బాగా దొరికాయని ఇంకోచోట ఆ వలస గవర్నర్ బ్రాడ్‌ఫర్డ్ రాశాడు కాబట్టి ఉండి ఉండొచ్చు. ఈ పండగని జాతీయ దినంగా నిలబెట్టింది 19వ శతాబ్దంలో పత్రికా సంపాదకురాలు సారా జోసెఫా హేల్ ఏళ్ల తరబడి రాసిన ఉత్తరాలు, 1863లో లింకన్ ప్రకటన. వాంపనోగ్ వారసులూ ఇతర ఆదివాసులూ 1970 నుంచి అదే రోజున ప్లిమత్‌లో సంతాప దినం పాటిస్తున్నారు. ఈ పక్షి గురించి మాట్లాడేటప్పుడు అది కూడా చెప్పాలని నా నమ్మకం.

టర్కీ తింటే ట్రిప్టోఫాన్ వల్ల నిద్ర వస్తుందన్నది కూడా తప్పే. చికెన్‌లోనూ దాదాపు అంతే ఉంటుంది. నిద్ర తెచ్చేది కడుపు నిండా తిన్న భోజనం.

అపోహ: అడవి టర్కీలు ఎప్పుడూ ఇన్ని ఉండేవి.

మాసచూసెట్స్‌లో చివరి స్థానిక టర్కీని 1851లో మౌంట్ టామ్ మీద చంపేశారు. అడవులు కొట్టి పొలాలు చేశారు, మిగిలినదాన్ని వేట ఊడ్చేసింది. తర్వాత ఫారంలో పెంచిన పక్షుల్ని పదే పదే వదిలారు, ఒక్క ప్రయత్నమూ నిలబడలేదు. తల్లి లేకుండా పెరిగిన పిల్లకి గద్దని చూసి ఎక్కడ దాక్కోవాలో, ఏ చెట్టు మీద పడుకోవాలో నేర్పేవాళ్లు ఎవరు? చివరికి పని చేసింది అడవి పక్షుల్నే పట్టి తేవడం. మొక్కజొన్న గింజలు చల్లి, గుంపు చేరాక ఫిరంగి గొట్టాలతో వల ఎగరేసి మీద పడేలా చేస్తారు. 1972-73లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి అలా తెచ్చిన 37 పక్షుల్ని బర్క్‌షైర్ కొండల్లో వదిలారు. ఇప్పుడు రాష్ట్రంలో 25,000కు పైగా ఉన్నాయి. దీనికి డబ్బు చాలావరకు 1937 చట్టం కింద తుపాకులు, తూటాల మీద వేసిన పన్ను నుంచి వచ్చింది. అయినా నిశ్చింతగా ఉండే పరిస్థితి లేదు, ఆగ్నేయ రాష్ట్రాల్లో కొన్నిచోట్ల సంఖ్య మళ్లీ తగ్గుతోంది.

అపోహ: పెరట్లోకి వస్తే గింజలు వేయడం పుణ్యం.

దయచేసి వేయకండి. మనిషి చేతి తిండికి అలవాటు పడిన పుంజు మనుషుల్ని కూడా తన గుంపులో లెక్కేసుకుని పెత్తనం చేస్తుంది. పిల్లల్ని, పోస్ట్‌మ్యాన్‌ని తరిమేవి ఇలాంటివే. ఎదురొస్తే వెనక్కి తగ్గకుండా చీపురు ఊపుతూ ముందుకి నడవండి. మెరిసే అద్దాలు, కారు తలుపులు గుడ్డతో కప్పండి.

ఆంధ్ర, తెలంగాణల్లో టర్కీలు పెంచే బంధువులకి కూడా ఒక మాట. నాటుకోళ్లతో కలిపి పెంచవచ్చని చాలామంది అనుకుంటారు. కోళ్ల పేగుల్లోని ఒక పురుగు గుడ్లలో బ్లాక్‌హెడ్ అనే జబ్బు క్రిమి దాగి ఉంటుంది. కోడికి పెద్దగా ఏమీ కాదు, టర్కీ కాలేయం దెబ్బతిని చచ్చిపోతుంది. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. కోళ్లు తిరిగిన నేల మీద టర్కీ పిల్లల్ని వదలకండి. వాటికి షెడ్డు, నీళ్ల తొట్టె, వాడే చెప్పులు కూడా వేరుగా ఉంచండి.