బాడీ కిట్ వెనకవైపు చూశారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

విశాఖ ఆటోనగర్‌లో మాది టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు. బాడీ కిట్ అంటే కారు రూపం మార్చడానికి బయట బిగించే బంపర్, స్కర్ట్, వింగ్ లాంటి ముక్కలు. ఆ కిట్ ఫొటో వాట్సాప్‌లో పంపి "అన్నా, బిగించడానికి ఎంతవుద్ది?" అని అడిగేవాళ్లు ఎక్కువ. నేను తిరిగి అడిగేది ఒకటే: వెనకవైపు ఫొటో ఉందా? ముందువైపు ఫొటోలో ప్రతి బంపరూ అందంగానే ఉంటుంది. బోల్టు ఎక్కడ పడుతుంది, అంచు మందం ఎంత, లోపల గాజు నార చాప సరిగ్గా పరిచారా లేదా అన్నది వెనకే తెలుస్తుంది. మన ఊళ్లో ఎండ, ఉప్పుగాలి, స్పీడ్ బ్రేకర్లు పరీక్షించేది కూడా ఆ వెనకవైపునే.

అపోహ: మన మోడల్ పేరు రాసి ఉంటే కచ్చితంగా అమరుతుంది.

ఫైబర్ కిట్లు (గాజు నార చాపను రెజిన్ అనే గట్టిపడే జిగురుతో తడిపి చేసేవి) చాలావరకు చేతితో అచ్చులో పోసి తీసినవి. అచ్చు పాతబడ్డా, రెజిన్ పూర్తిగా గట్టిపడకముందే అచ్చులోంచి లాగేసినా ముక్క మెలి తిరుగుతుంది. పైగా ఒకే మోడల్‌లో ఫేస్‌లిఫ్ట్‌కు (కంపెనీ రూపం మార్చడానికి) ముందు ఒక బంపర్, తర్వాత ఇంకొకటి. బయటి దేశానికి తయారైన కిట్ అయితే నంబర్ ప్లేటు చోటు కూడా తేడాయే. జపాన్ ప్లేటు 330 మిల్లీమీటర్ల పొడవు, 165 ఎత్తు. మన కార్ల ముందు ప్లేటు 500 పొడవు, 120 ఎత్తు. జపాన్ బంపర్ మీద మన ప్లేటు పెడితే గాలి వెళ్లే జాలీకి అడ్డం పడుతుంది, లేదా రెండు చివర్లూ గాల్లో ఉంటాయి. హై సెక్యూరిటీ ప్లేటుకు వేసే లాక్ ఒకసారి తీస్తే మళ్లీ పనికిరాదు కాబట్టి ఈ కొలత ముందే చూసుకోవాలి.

అందుకే పెయింట్ వేయకముందే కారుకు పెట్టి చూడాలి. దీన్ని మేం డ్రై ఫిట్ అంటాం. కొత్త ఫైబర్ ముక్కను ముందు కొన్ని రోజులు ఎండలో ఉంచి, ఆ తర్వాత బానెట్, హెడ్‌లైట్, ఫెండర్ గ్యాపులు చూసి, కావలసిన చోట రుద్ది, పుట్టీ పెట్టాకే ప్రైమర్. "రంగు వేయించి పంపేస్తాం, మీరు బోల్టులు బిగిస్తే చాలు" అనే అమ్మకందారు మాట నమ్మొద్దు. రంగు పడ్డ ముక్కను ఎవరూ వెనక్కి తీసుకోరు.

అపోహ: ఫైబర్ అంటే నాసిరకం, ఏబీఎస్ ప్లాస్టిక్ అంటే నాణ్యం.

ఏ ముక్క ఎక్కడ వస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. ముందు లిప్ (బంపర్ కింది అంచుకు తగిలించే ముక్క) రోడ్డుకు రాసుకుంటుంది కాబట్టి అక్కడ వంగి తిరిగి లేచే పాలీయురేథేన్ గానీ పాలీప్రొపిలీన్ గానీ, ఈ రకం ప్లాస్టిక్ మంచిది. ఫైబర్ లిప్ వంగదు, పగులుతుంది. అదే ఫైబర్ వెడల్పాటి ఫెండర్లకు బాగుంటుంది. పగిలినా చాప, రెజిన్ వేసి అతికించవచ్చు. పాలీప్రొపిలీన్‌తో చిక్కల్లా రంగు దానికి తేలిగ్గా పట్టదు. ముందు అడ్హీషన్ ప్రమోటర్ (రంగు అతుక్కునేలా చేసే పూత) వేయకపోతే కార్ వాష్‌లో ప్రెషర్ గన్ తగలగానే పొరలు పొరలుగా లేస్తుంది.

అపోహ: టేపు చాలు, బోల్టులెందుకు?

నాకు ఎక్కువ రిపేర్లు తెచ్చిపెట్టే మాట ఇదే. మంచి యాక్రిలిక్ ఫోమ్ టేపు బలహీనమైంది కాదు. కానీ అతికించిన 20 నిమిషాలకు దాని పట్టు సగమే ఉంటుంది, పూర్తి బలానికి 72 గంటలు పడుతుంది. ఆ మూడు రోజులూ కారు కడగకూడదు. వ్యాక్స్ మీద, సిరామిక్ కోటింగ్ మీద అతికిస్తే అది పట్టుకునేది ఆ పొరనే, కారును కాదు. బీచ్ రోడ్డులో రాత్రంతా నిలబెట్టిన కారు మీద వేలితో రాస్తే కనబడే ఉప్పు జిడ్డు సంగతి చెప్పక్కర్లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవకుండా టేపు వేయడం దండగ.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. తలుపుల కింద పొడవునా బిగించే 1.8 మీటర్ల నల్ల ఏబీఎస్ సైడ్ స్కర్ట్ తెల్లవారుజాము చల్లదనం నుంచి మిట్టమధ్యాహ్నం ఎండలోకి వచ్చేసరికి 40 డిగ్రీలు వేడెక్కిందనుకోండి. సుమారు 5 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. దాని కింద ఉన్న స్టీలు బాడీ సాగేది ఒక మిల్లీమీటరు లోపే. రెండు చివర్లా గుండ్రటి రంధ్రాలు వేసి గట్టిగా బిగిస్తే మధ్యలో అలలా ఉబ్బుతుంది, లేదా స్క్రూ దగ్గర పగులుతుంది. మధ్యలో ఒక్క బోల్టు గట్టిగా, మిగతా చోట్ల నిలువు బరువు మోస్తూ అడ్డంగా జరిగే పొడవాటి రంధ్రాలు, పై అంచున టేపు. ఇదీ పద్ధతి. గంటలో పని అయిపోవాలనేవాళ్లకు ఇది నచ్చదు.

అపోహ: పెద్ద వింగ్ పెడితే కారు రోడ్డుకు అతుక్కుంటుంది.

గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. 180 స్పీడులో వచ్చే బలంలో 60 దగ్గర మిగిలేది తొమ్మిదో వంతు. 1.3 మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పున్న వింగ్‌కు నేను లెక్క కట్టి చూస్తే 60 దగ్గర రెండు మూడు కిలోలు వచ్చింది. చాలా వింగ్‌ల సొంత బరువే ఇంచుమించు అంత. ముందు చక్రాలతో నడిచే కారైతే, వెనక ఇరుసుకు అవతల నొక్కే బరువు ముక్కును కొంచెం తేలిక చేస్తుంది. అంటే లాగే చక్రాలకే పట్టు తగ్గుతుంది.

1973 నాటి పోర్షా 911 కరెరా ఆర్‌ఎస్ 2.7కు వెనక బాతు తోకలాంటి చిన్న స్పాయిలర్ ఉంటుంది. అది అలంకారం కాదు, వేగంలో వెనక భాగం పైకి లేవకుండా తగ్గించడానికి పెట్టింది. అంత చిన్న అంచు కూడా దాని వెనక జరిగిన పరీక్షల వల్లే పనిచేసింది. వెనక బంపర్ కింద పెట్టే, డిఫ్యూజర్ అని అమ్మే ప్లాస్టిక్ రెక్కలు కూడా కారు అడుగుభాగం చదునుగా లేకపోతే అందానికే. అందం కోసమే కావాలంటే హాయిగా పెట్టించుకోండి, నేనూ సంతోషంగా బిగిస్తాను. డౌన్‌ఫోర్స్ (కారును కిందికి నొక్కే బలం) అని మాత్రం నాకు చెప్పకండి.

అపోహ: అంగుళం కిందికి దిగితే ఏమవుతుంది?

ముందు చక్రం నేలను తాకే చోటు నుంచి లిప్ వరకు 85 సెంటీమీటర్లు, లిప్ ఎత్తు 12 సెంటీమీటర్లు అనుకుందాం. కారు ఎక్కగలిగే కోణం 8 డిగ్రీలు. రెండున్నర సెంటీమీటర్ల లిప్ తగిలిస్తే అది 6.4కు పడిపోతుంది. ఎనిమిదడుగులకు ఒక అడుగు లేచే సెల్లార్ ర్యాంపు కోణం 7.1 డిగ్రీలు. అంటే నిన్నటిదాకా ఇంట్లోకి వెళ్లిన కారు రేపు గేటు దగ్గరే రాసుకుంటుంది. ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో అపార్ట్‌మెంటు ఉంటే కొలత టేపు తీసుకుని ముందు మీ ర్యాంపు కొలవండి. స్పీడ్ బ్రేకర్‌కు ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. వీధుల్లో కాలనీవాళ్లు సొంతంగా పోసుకున్నవాటికి ఆ లెక్క ఉండదు.

స్ప్లిటర్‌ను (బంపర్ కింద ముందుకు చొచ్చుకొచ్చే పలకను) బంపర్ పైతొడుగుకు మాత్రమే తగిలిస్తే, అది దేనికైనా తగిలినప్పుడు బంపర్‌నూ ఊడదీసుకుని పోతుంది. బ్రాకెట్లు ఛాసిస్‌కు పడాలి.

అపోహ: కార్బన్ ఫైబర్ తుప్పు పట్టదు, సముద్రం ఊరికి అదే మంచిది.

కార్బన్‌కు తుప్పు లేదు, నిజమే. కానీ అది కరెంటును ప్రసరింపజేస్తుంది. ఉప్పు తడి తగిలితే కార్బన్‌ను ఆనుకున్న అల్యూమినియం గానీ స్టీలు గానీ త్వరగా తినేయబడుతుంది. అల్యూమినియం రివెట్ల చుట్టూ తెల్లటి పొడి కనబడితే అదే. మధ్యలో నైలాన్ వాషర్, కుదిరితే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడాలి. మామూలు 304 కంటే ఉప్పును అవి బాగా తట్టుకుంటాయి. పైన యూవీని ఆపే క్లియర్ కోట్ లేకపోతే ఎండకు పసుపెక్కుతుంది. అసలు అది కార్బనేనా అన్నది మళ్లీ వెనక చూస్తేనే తెలుస్తుంది. ముందు నల్లటి నేత, వెనక తెల్లటి చాప కనబడితే ఫైబర్ మీద ఒక్క పొర కప్పారన్నమాట.

ఫెండర్ కోసి వెడల్పు కిట్ పెట్టేవాళ్లకు ఇంకా కఠినమైన మాట. కోసిన ప్రతి అంచూ ఇక్కడ తుప్పుకు తలుపే. జింక్ ప్రైమర్, సీమ్ సీలర్ (అతుకులు మూసే పదార్థం), లోపలి ఖాళీల్లో వ్యాక్స్, ఈ మూడూ లేకుండా కోయనిచ్చే షెడ్డుకు కారు ఇవ్వకండి.

ముసురు పట్టిన రోజు పెయింట్ వేయమని తొందరపెట్టొద్దు. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమను లాగుతుంది, రంగు పాలిపోతుంది. అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండం ఉంటే మేమే కారు వెనక్కి పంపిస్తాం.

అపోహ: బంపర్ మారిస్తే సెన్సార్లకేం కాదు.

ముందున్న బండ్లను పసిగట్టే రాడార్ బంపర్ వెనకున్న కార్లలో మందపాటి పుట్టీ, లోహపు మెరుపున్న పెయింట్ దాని చూపును మందగింపజేస్తాయి. కార్బన్ అయితే పూర్తిగా అడ్డుకుంటుంది. బంపర్ లోపల ఉన్న ఫోమ్ దిమ్మె, క్రాష్ బీమ్ (గుద్దుకున్నప్పుడు దెబ్బ తీసుకునే లోహపు కమ్మీ) తీయకుండా అమరే కిట్ మాత్రమే తీసుకోండి. "ఫోమ్ కొంచెం కోస్తే సరిపోతుందన్నా" అంటే నేను బిగించను.

అపోహ: రవాణా శాఖవాళ్లు లిప్ చూడరు, కాబట్టి అన్నీ పెట్టేయొచ్చు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నంగా ఉండేలా కారు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌కు కచ్చితమైన అర్థమే చెప్పింది. అదే ఏడాది వచ్చిన 182ఏ(4) సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఫెండర్ కోయడం, నిర్మాణం మార్చడం ఈ ప్రమాదంలోకి నేరుగా వస్తాయి. రంగు మారిస్తే ఆర్‌సీలో నమోదు చేయించాలి.

ఇన్సూరెన్స్ వేరే తలనొప్పి. బయట బిగించినవాటి విలువ ముందే ప్రకటిస్తేనే పాలసీలోకి వస్తుంది. ఏజెంటుకు ఫోన్లో చెప్పానంటే క్లెయిమ్ రోజున నిలవదు. బిల్లు జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టండి, ఎండార్స్‌మెంట్ (పాలసీలో ఆ మార్పు చేర్చినట్టు) కాగితం చేతికి వచ్చాకే నాకు తేదీ అడగండి.