కెనడా కలపపై అమెరికా సుంకాలు: అపోహలు – వాస్తవాలు

అమెరికా, కెనడాల మధ్య సాఫ్ట్‌వుడ్ తగాదా 1982లో మొదలై ఇప్పటికీ నలుగుతూనే ఉంది. స్ప్రూస్, పైన్, ఫర్ చెట్ల కలప ఇది. అమెరికాలో మామూలు ఇంటి గోడలు, పైకప్పు నిలబడేది దీని మీదే. కెనడా అడవుల్లో 90 శాతానికి పైగా ప్రభుత్వానివి. చెట్టు కొట్టుకున్నందుకు మిల్లులు కట్టే రుసుము, అంటే స్టంపేజ్, మరీ చవక, అది సబ్సిడీయేనని అమెరికా మిల్లుల వాదన. సబ్సిడీకి విరుగుడుగా కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ, సరసమైన ధర కంటే తక్కువకు అమ్మినందుకు యాంటీ డంపింగ్ డ్యూటీ. రెండూ వేరు వేరు కేసులు, లెక్కలూ వేరే.

అపోహ: సరుకు దిగినప్పుడు సుంకం కట్టేశాం, ఇక ఆ లెక్క ముగిసింది.

ముగియలేదు, మొదలైంది. అప్పుడు కట్టింది అంచనా డిపాజిట్ మాత్రమే. అసలు సుంకమెంతో ఏళ్ల తర్వాత జరిగే వార్షిక సమీక్షలో తేలుతుంది. ఆ తర్వాతే కస్టమ్స్ ఆ ఎంట్రీని, అంటే ఆ దిగుమతి దాఖలును, ‘లిక్విడేట్’ చేస్తుంది, అంటే సుంకం ఖరారు చేసి లెక్క ముగిస్తుంది.

ఇందులో ఎంత ప్రమాదముందో ఒక లెక్కలో చూద్దాం. 2023లో చాలా మిల్లుల సరుకుకు డిపాజిట్ రెండూ కలిపి 8 శాతం అటూ ఇటూ. 50,000 డాలర్ల సరుకుకు సుమారు 4,000 కట్టారు. ఆ ఏడాది దిగుమతులపై సమీక్ష 2025లో తేలేసరికి కౌంటర్‌వెయిలింగ్ 14.63, యాంటీ డంపింగ్ 20.56, మొత్తం 35.19 శాతం. అదే సరుకుకు ఇప్పుడు బాకీ 17,595 డాలర్లు. పై తేడా దాదాపు 13,600, దానిమీద వడ్డీ. అప్పీళ్లు తేలేదాకా లిక్విడేషన్ ఆగవచ్చు గానీ, పుస్తకాల్లో ఆ బాకీని చూపక తప్పదు. పైగా ఆ 35.19 శాతమే కొత్త సరుకుకు డిపాజిట్ రేటు అయింది. 2025 అక్టోబర్ 14 నుంచి జాతీయ భద్రత పేరిట మరో 10 శాతం వేశారు. మొత్తం 45 దాటింది.

అపోహ: తాత్కాలిక సుంకమంటే తుది తీర్పు వచ్చేదాకా ఆగకుండా ఉంటుంది.

దర్యాప్తు సాగుతుండగా వేసేదే తాత్కాలిక సుంకం. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధన ప్రకారం తాత్కాలిక కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీకి నాలుగు నెలలే గడువు. ఇప్పటి కేసులో 2017 ఏప్రిల్ 28న మొదలైన ఆ తాత్కాలిక డిపాజిట్లు ఆగస్టు 25తో ఆగిపోయాయి. డిసెంబర్ 28 దాకా, అంటే సుమారు నాలుగు నెలలు, ఆ సుంకం లేదు. యాంటీ డంపింగ్ డిపాజిట్ మాత్రం జూన్ 30 నుంచి ఆ విరామంలోనూ నడిచింది, దానికి ఆరు నెలల దాకా పొడిగింపు ఉంటుంది. ఎంట్రీ తేదీ ఒక్క రోజు అటైనా ఇటైనా రేటు మారిపోయేది ఇక్కడే. వాణిజ్యశాఖ ప్రకటన తేదీ చూసుకుని మోసపోకండి, అధికారిక గెజిట్‌లో అచ్చైన తేదీయే లెక్క.

తాత్కాలిక దశలో దిగుమతిదారుకు ఒక రక్షణ ఉంది: తుది రేటు ఎక్కువైతే తేడా అడగకూడదు, తక్కువైతే తిరిగివ్వాలి. 2017 జూలైలో ‘మిగతా అందరూ’ వర్గం, అంటే విడిగా సొంత రేటు లేని మిల్లుల సరుకుకు, కౌంటర్‌వెయిలింగ్ 19.88, యాంటీ డంపింగ్ 6.87 శాతం చొప్పున కట్టారు. తుది ఉత్తర్వు 14.19, 6.04కు తగ్గించింది. 50,000 డాలర్ల సరుకుకు 13,375 కట్టినవాళ్లకు హద్దు 10,115 అయింది. తిరిగొచ్చే 3,260కి మాత్రం వడ్డీ రాదు, ఎందుకంటే వడ్డీ హక్కు తుది ఉత్తర్వు తర్వాతి ఎంట్రీలకే. ఇది చాలామంది చూసుకోరు.

అపోహ: కెనడాయే కడుతుంది.

కస్టమ్స్‌కు కట్టేది రికార్డుల్లో దిగుమతిదారుగా ఉన్న సంస్థ. ఈ వ్యాపారంలో చాలాసార్లు ఆ పాత్రలో కెనడా మిల్లే ఉంటుంది కాబట్టి ఈ అపోహకు కాస్త ఆధారం ఉంది. మీరే దిగుమతిదారైతే, యాంటీ డంపింగ్ సొమ్మును మిల్లు మీకు తిరిగివ్వలేదని ధ్రువపత్రం దాఖలు చేయాలి. చేయకపోతే ఇచ్చినట్టే భావించి యాంటీ డంపింగ్ భాగాన్ని రెట్టింపు చేస్తారు. ఒక్క కాగితం లేకపోయినందుకు పడే దెబ్బ ఇది.

అపోహ: కలపను కోసి, రంధ్రాలు చేసి పంపితే సుంకాల పరిధిలోకి రాదు.

6 మిల్లీమీటర్లకు మించిన మందం ఉన్న స్ప్రూస్, పైన్ లాంటి శంఖాకార చెట్ల కోసిన కలప పరిధిలోనే. విడిభాగాలుగా పంపినా, వేళ్లు జోడించినట్టు ఫింగర్ జాయింట్ చేసినా తేడా లేదు. నిజంగా మినహాయింపు ఉన్నవి: బిగించేసిన ప్యాలెట్లు, ఐ-జాయిస్టులు (‘I’ ఆకారపు దూలాలు), గ్యారేజ్ తలుపులు. అమెరికాలో పుట్టిన కలపను కెనడాలో ఆరబెట్టి, చిత్రిక పట్టి, సాండింగ్ మాత్రమే చేసి వెనక్కి తెచ్చినా మినహాయింపే, కానీ మూలం రుజువు చేయాల్సింది మీరే. నోవా స్కోషియా, న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లలోని దుంగల నుంచి అక్కడే తయారైన కలపకు అట్లాంటిక్ లంబర్ బోర్డు ధ్రువపత్రం ఉంటే కౌంటర్‌వెయిలింగ్ ఉండదు. యాంటీ డంపింగ్ మాత్రం ఉంటుంది. న్యూ బ్రన్స్‌విక్‌కు ఆ సౌకర్యం లేదు.

అపోహ: గెలిస్తే పైసాతో సహా వెనక్కొస్తుంది.

2006లో రెండు దేశాలు చేసుకున్న రాజీ ఒప్పందంలో, అప్పటిదాకా వసూలైన సుమారు 500 కోట్ల డాలర్లలో 100 కోట్లు అమెరికాలోనే ఉండిపోయాయి. రాజీ అంటే అంతే మరి.

ఇక కస్టమ్స్ దాఖలు విషయం. ఎంట్రీ రకం 03. కేసు నంబర్లు రెండు: యాంటీ డంపింగ్‌కు ఎ-122-857, కౌంటర్‌వెయిలింగ్‌కు సి-122-858. వీటి వెనక చేరే అంకెలు కంపెనీని బట్టి మారతాయి. ఇన్‌వాయిస్‌లో మిల్లు పేరు రికార్డులో ఉన్నట్టు లేకపోతే ‘మిగతా అందరూ’ రేటు పడుతుంది. సమీక్ష కోరే నెల జనవరి. ఎవరూ కోరకపోతే కట్టిన రేటే ఖాయమవుతుంది. లిక్విడేషన్ తప్పనిపిస్తే అభ్యంతరానికి 180 రోజులు. ఆ తర్వాత తలుపు మూసినట్టే.