ఫ్లెక్సీలో ఖాళీ కనిపిస్తే కంగారెందుకు?

"అన్నా, ఇక్కడ ఖాళీ ఉంది కదా, ఇంకో రెండు ఫొటోలు పెట్టేయ్." హైదరాబాద్‌లో బోర్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే మాకు రోజూ వినపడే మాట ఇది. పోయిన వారం కూడా ఒకాయన ప్రూఫ్, అంటే ప్రింట్‌కు ముందు చూపించే నమూనా, చూసి ఇదే అన్నారు.

అపోహ: ఖాళీ వదిలితే డబ్బు దండగ.

చదరపు అడుగు లెక్కన డబ్బు కడతారు కాబట్టి ప్రతి అంగుళం నింపాలనిపిస్తుంది. ఆ బాధ అర్థమవుతుంది. కానీ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు దాటేస్తుంది. మీ బోర్డుకు దక్కేది రెండు మూడు సెకన్లు. అంతలో కన్ను ముందు ఎక్కడ పడాలో చెప్పేది అక్షరాల చుట్టూ ఉన్న ఖాళీయే. చార్మినార్ నాలుగు కమానులనూ పూడ్చేశారనుకోండి, ఇక చూడ్డానికి మిగిలేది గోడ.

"మరి చేర్యాల పటం నిండుగానే ఉంటుందిగా?" అన్నాడు మా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు. మంచి ప్రశ్నే. కథ చెప్పడానికి గుడ్డ మీద బొమ్మలు గీసే ఆ పటాన్ని గళ్లుగా విడదీసి మధ్యలో పూల అంచులు వేస్తారు. కథకుడు పక్కనే నిలబడి ఒక్కో ఘట్టం చూపిస్తూ చెప్తాడు. ఫ్లెక్సీ పక్కన ఎవరు నిలబడతారు?

ఈ తప్పు నేనూ చేశాను. ఒకాయన దాచుకున్న డబ్బంతా పోసి కర్రీ పాయింట్ పెట్టారు, మనిషి టెన్షన్‌లో ఉన్నారు. అడిగినట్టే 14 కూరల పేర్లు, 3 ఫోన్ నంబర్లు, దేవుడి ఫొటో, ఆయన ఫొటో, ఆఫర్ అన్నీ కుక్కేశాను. పది రోజులకు ఫోన్: "జనం ఇది జిరాక్స్ షాపా అని అడుగుతున్నారు సార్." నా ఖర్చుతోనే మళ్లీ చేశాను. అడుగు ఎత్తు అక్షరాల్లో 'కర్రీ పాయింట్', కింద ఒక్క నంబరు, కుడివైపు మూడో వంతు ఉత్త పసుపు. కూరల జాబితా లోపలి గోడకు. ఆయన రోడ్డు అవతలి నుంచి చూసొచ్చి "బోసిగా ఉంది" అన్నారు. అయినా తగిలించారు. ఇప్పుడా పసుపు ముందు నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతున్నాయి. వాటిని నేను లెక్కలో వేసుకోలేదు.

మిగతా అపోహలు గబగబా. బ్యాలెన్స్ అంటే రెండు వైపులా ఒకేలా ఉండటం కాదు. ఎడమన లేత రంగు పెద్ద బొమ్మకు, కుడిన ముదురు రంగు చిన్న ముక్క సరితూగుతుంది. ఎరుపు వేస్తేనే గిరాకీ అన్నది ఒట్టి పుకారు, చూడాల్సింది కాంట్రాస్ట్, అంటే అక్షరాల రంగుకూ వెనక రంగుకూ ఉన్న తేడా. ఫోన్‌లో మెరిసిన ఆకుపచ్చ ప్రింట్‌లో రాలేదని ప్రెస్ వాళ్లతో గొడవపడకండి. ఫోన్‌ది వెలుతురు, ఫ్లెక్సీది ఇంకు. ముందు చిన్న ముక్క ప్రింట్ తీయించి ఎండలో పెట్టి చూడండి.