కరెంటు పెట్టిన కోడి, సంచిలో రొయ్యల పచ్చడి

ఇంగ్లండ్‌లో కోడిని కోసే ముందు కరెంటు నీళ్ళలో ముంచుతారని చూపించే వీడియో గోదావరి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ తిరుగుతోంది. సెప్టెంబర్ అడ్మిషన్ల ముందు ఇలాంటిది ఏదో ఒకటి తిరగడం మామూలే. శుక్రవారం జుమా నమాజు అయ్యాక నరసాపురంలోనో, పాలకొల్లులోనో, అమలాపురంలోనో ఎవరో ఒక తండ్రి ఫోన్ పట్టుకుని హజ్రత్‌ని, అంటే మసీదు ఇమాంని, ఆపుతాడు. రాత్రికి లెస్టర్‌కో బెర్లిన్‌కో వీడియో కాల్ వెళ్తుంది. నువ్వు తినేది ఇదేనా బేటా అని తండ్రి అడుగుతాడు. కాదు అబ్బా, మా షాపులో హలాల్ బోర్డు ఉంది అని కొడుకు ఫొటో పెడతాడు. ఆ బోర్డు ఎవరిచ్చారు అన్న ప్రశ్నతో అసలు గొడవ మొదలవుతుంది.

కోనసీమ నుంచి కువైట్‌కి, మస్కట్‌కి, దోహాకి వెళ్ళినవాళ్ళ కథ ఇక్కడ అందరికీ తెలిసిందే, మళ్ళీ చెప్పను. అందులోంచి ఒక్క సంగతే ఇప్పుడు పనికొస్తుంది. మన పెద్దలకు విదేశం అంటే గల్ఫే. వీధి వీధికీ మసీదు, వేళకు అజాన్, కొట్లో ఏ మాంసం కొన్నా హలాలే. అడగాల్సిన పనే లేదు. ఆ లెక్కతోనే ఇప్పుడు పిల్లల్ని లండన్‌కీ, డబ్లిన్‌కీ, జర్మనీకీ పంపుతున్నారు.

నిజానికి ఇంటి దగ్గర కూడా ఎవరూ ఏమీ అడగరు. పల్లెల్లో మేకను కోయాలంటే సాయిబుగారినో ముల్లాగారినో పిలవడం పాత అలవాటు. హిందువుల ఇళ్ళలో విందుకూ పిలిచేవారు, అందరూ తినొచ్చని. భీమవరంలో చికెన్ సెంటర్‌కి వెళ్తే కత్తి పట్టుకున్న కుర్రాడు ఎవరి అబ్బాయో మనకు తెలుసు. అతను బిస్మిల్లా అన్నాడో లేదో చెవి పెట్టి వినేవాళ్ళు ఎంతమంది? అలా పెరిగిన కుర్రాడు బ్రిటన్‌లో దిగగానే, ఒకే వీధిలో రెండు హలాల్ దుకాణాలు, రెండు వేరు వేరు ముద్రలు చూస్తాడు. ఒకరి ముద్రను ఇంకొకరు ఒప్పుకోరు.

నా లెక్కలో ఈ గొడవంతా ఆ రెండు ముద్రల దగ్గరే పుట్టింది. బ్రిటన్‌లో 1994లో హలాల్ ఫుడ్ అథారిటీ అనే సంస్థ మొదలైంది. కోళ్ళ పరిశ్రమ అప్పటికే యంత్రాల మీదకు వెళ్ళింది. కోళ్ళను కాళ్ళతో కొక్కేలకు తలకిందులుగా తగిలిస్తారు. ఆ వరస కదులుతూ పోయి తలలు కరెంటు ఉన్న నీటి తొట్టిలో మునిగేలా చేస్తుంది. కోడికి స్పృహ పోతుంది, తర్వాత కోత. బ్రిటన్ చట్టం పశువులకు 1933 నుంచే, కోళ్ళకు ఆ తర్వాత, స్పృహ తప్పించాలంటోంది, ముస్లింలకూ యూదులకూ మినహాయింపు ఇస్తూనే. హలాల్ ఫుడ్ అథారిటీ ఈ కరెంటును ఒక షరతు మీద ఒప్పుకుంది. కోయకుండా వదిలేస్తే ఆ కోడి మళ్ళీ లేవాలి. అంటే కోత పడే వేళకు ప్రాణం ఉండాలి, రక్తం పోయి చావాలి, అల్లా పేరు చెప్పాలి. ధర్మశాస్త్రం అడిగేది ఇంతే కదా అన్నది వాళ్ళ వాదన.

2003లో లెస్టర్ కేంద్రంగా హలాల్ మానిటరింగ్ కమిటీ వచ్చింది. వీళ్ళు కరెంటు అసలు వద్దంటారు. గంటకు వేల కోళ్ళు పోయే వరసలో ఏది బతికుందో ఏది నీళ్ళలోనే పోయిందో ఎవరు చూస్తారన్నది వాళ్ళ ప్రశ్న. అందుకే కబేళాలోనూ దుకాణంలోనూ తమ మనుషుల్ని పెట్టి చూస్తారు. 2009లో కేఎఫ్‌సీ బ్రిటన్‌లో కొన్ని దుకాణాల్లో హలాల్ మొదలుపెట్టినప్పుడు తీసుకున్నది మొదటి సంస్థ ముద్ర. రెండో వర్గం మసీదుల్లో అది చెల్లదన్నారు. అలా ఒకే గదిలో ఉండే ఇద్దరు స్నేహితుల్లో ఒకడు బకెట్ చికెన్ తెచ్చుకుంటాడు, ఇంకొకడు పప్పుచారు వండుకుంటాడు.

ఇప్పుడు తిరుగుతున్న వీడియోలో కనిపించేది ఆ నీటి తొట్టే. అది అబద్ధం కాదు. కానీ అదే మొత్తం బ్రిటన్ హలాల్ అన్నట్టు పెట్టడం అబద్ధం. కరెంటు లేని కోతకు అక్కడ చట్టంలో చోటుంది, దానికి ప్రత్యేకంగా నిలబడ్డ సంస్థ ఉంది, ఆ ముద్ర ఉన్న దుకాణాలు పెద్ద ఊళ్ళలో దొరుకుతాయి. చిన్న యూనివర్సిటీ ఊళ్ళో అవి దొరక్కపోవచ్చు. అప్పుడు కుర్రాడు వారానికోసారి బస్సెక్కి వెళ్ళి ఫ్రీజర్ నింపుకోవాలి. వీడియో పంపిన పెద్దమనిషికి ఈ బస్సు సంగతి తెలియదు.

పెద్దల భయం ఊరికే పుట్టలేదు, అదీ చెప్పాలి. 2013 ఫిబ్రవరిలో బ్రిటన్ జైళ్ళకు హలాల్ అని సరఫరా చేసిన మాంసం వంటకాల్లో పంది డీఎన్ఏ ఆనవాళ్ళు బయటపడ్డాయి. ఆ ఏడాదే జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఐరోపా నిబంధన నీటి తొట్టిలో ఒక్కో కోడికి ఎంత కరెంటు తగలాలో కనీస లెక్క కట్టింది. తక్కువ ఫ్రీక్వెన్సీలో 100 మిల్లీ ఆంప్స్, ఫ్రీక్వెన్సీ పెంచే కొద్దీ 150, 200. మతాచారం ప్రకారం చేసే కోతకు అందులోనూ మినహాయింపు ఉంది. అయినా కరెంటు పెంచితే నీళ్ళలోనే చచ్చే కోళ్ళు పెరుగుతాయి కదా అన్న వాదనకు అది బలమిచ్చింది. నా అనుమానం, చాలామంది తండ్రులకు కరెంటు కంటే ఆ పంది వార్తే మనసులో ఉండిపోయింది.

బ్రిటన్ దాటితే ఈ తగువుకు కూడా చోటు లేని దేశాలున్నాయి. స్విట్జర్లాండ్ 1893లోనే రెఫరెండం పెట్టి స్పృహ తప్పించని కోతను నిషేధించింది. అప్పుడు గురి యూదుల మీద, ముస్లింలు అక్కడ లెక్కకు కూడా లేరు. డెన్మార్క్ 2014లో నిషేధించింది. బెల్జియంలో ఫ్లాండర్స్ 2019 జనవరిలో, వలోనియా అదే ఏడాది సెప్టెంబర్‌లో అదే దారి పట్టాయి. యూదులూ ముస్లింలూ కలిసి కోర్టులకు వెళ్ళారు. 2020 డిసెంబర్ 17న ఐరోపా సమాఖ్య కోర్టు, 2024 ఫిబ్రవరి 13న ఐరోపా మానవ హక్కుల కోర్టు నిషేధం వైపే నిలిచాయి. జర్మనీలో 2002లో ఒక తుర్కీ కసాయి రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళి గెలిచాడు. అయినా అక్కడ ప్రత్యేక అనుమతి లేకుండా కుదరదు. అలాంటి చోట కరెంటు లేని మాంసమే కావాలంటే బయటి దేశం నుంచి రావాలి, లేదా మానుకోవాలి. ఇంత తతంగం ఉందని చెప్పకుండా, వెళ్ళే ముందు కొడుకు చేత మాట తీసుకోవడం ఎంతవరకు సబబో.

వాడికి అక్కడ ఇంకో తలుపు తెరుస్తారు, అరబ్ స్నేహితులు. ఖురాన్ ఐదో సూరా ఐదో ఆయత్ గ్రంథ ప్రజల (యూదులు, క్రైస్తవుల) ఆహారం మీకు హలాల్ అంటుంది కాబట్టి సూపర్‌మార్కెట్ మాంసం తినొచ్చని వాళ్ళలో కొందరి మాట. ఇస్లాం న్యాయ పద్ధతుల్లో మనవాళ్ళు పాటించేది హనఫీ; ఆ మౌల్వీలు సాధారణంగా దీనికి ఒప్పుకోరు. యంత్రం మీద కోసినవాడు ఆ మతాన్ని పాటించేవాడేనా, దేవుడి పేరు చెప్పాడా అని అడుగుతారు. కుర్రాడు ఈ రెండు మాటల మధ్య నలిగి కొన్నాళ్ళు వెజిటేరియన్ అయిపోతాడు. జంతువుల నుంచి తీసినవి కావచ్చని జెల్లీల్లో జెలటిన్, జున్నులో రెనెట్, పేకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఈ-నంబర్లు చదవడం నేర్చుకుంటాడు. గోదావరి జిల్లావాడికి వెజిటేరియన్ అవడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

చేపలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, చేపకు కోత అక్కర్లేదు. కానీ మన వాళ్ళకు చేప అంటే వెనకాలే రొయ్య వస్తుంది, అక్కడా ఒక ముడి పడింది. 2018 జనవరిలో హైదరాబాద్‌లోని జామియా నిజామియా అనే ఇస్లామిక్ విద్యాసంస్థ రొయ్యలు, పీతలు మక్రూహ్ తహ్రీమీ అని, అంటే దాదాపు నిషిద్ధం అని ఫత్వా ఇచ్చింది. 1876 నాటి సంస్థ, దాని మాటకు బరువుంది. హనఫీ పద్ధతిలో నీటి జీవుల్లో చేప ఒక్కటే హలాల్. రొయ్య చేప కాదు, కీళ్ళ కాళ్ళ పురుగు జాతి అన్నది ఫత్వా తర్కం. అరబ్బీ నిఘంటువులు రొయ్యను చేపల్లోనే లెక్కేస్తాయని వేరే హనఫీ పండితులు కాదన్నారు. భీమవరం చుట్టూ రొయ్యల చెరువుల మీదా, ప్రాసెసింగ్ షెడ్ల మీదా బతికే ముస్లిం కుటుంబాలున్న చోట ఈ ఫత్వా ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. రొయ్యల ఇగురు ఆగిన ఇల్లు నేనైతే చూడలేదు.

అదే కుర్రాడి గదిలో మలయాళీ ముస్లిం ఉంటే వాడికి ఈ టెన్షనే లేదు. కేరళ ముస్లింలు ఎక్కువమంది షాఫీ అనే ఇంకో పద్ధతివాళ్ళు, ఆ పద్ధతిలో సముద్రంలోది దాదాపు అంతా హలాల్. మనవాడు ఇస్లాంలో ఇన్ని పద్ధతులున్నాయని మొదటిసారి తెలుసుకునేది మదరసాలో కాదు, ఆ వంటగదిలో.

నమాజు దగ్గరా ఇంతే. మన డెల్టాలో పగలు ఏడాదంతా సుమారు 11 నుంచి 13 గంటల మధ్యే ఉంటుంది, వేళలు పెద్దగా మారవు. లండన్‌లో డిసెంబర్‌లో మధ్యాహ్నపు జుహర్ పన్నెండుకు, సాయంత్రపు అసర్ రెండు దాటాక, పొద్దుగుంకే వేళ మగ్రిబ్ నాలుగు కాకముందే. మూడు నమాజులూ ఒక్క పార్ట్‌టైమ్ షిఫ్టులో పడతాయి. జూన్‌లో సూర్యుడు తొమ్మిది దాటాక గాని మునగడు, రాత్రి నమాజు ఇషా అయ్యేసరికి పదకొండు, కాసేపు కన్ను మూస్తే తెల్లవారుజాము ఫజర్. అవసరమైతే రెండు నమాజులు కలిపి చదువుకోవచ్చని మిగతా పద్ధతులు కొంత వీలిస్తాయి. హజ్‌లో తప్ప కలపకూడదని మన హజ్రత్‌లు చెబుతారు. సూపర్‌వైజర్‌ని రోజుకు మూడుసార్లు ఐదు నిమిషాలు అడగడం ఎలా ఉంటుందో వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు.

చోటు సంగతి ఊరిని బట్టి. బ్రిటన్ యూనివర్సిటీల్లో ప్రార్థన గది చాలాచోట్ల ఉంటుంది, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకి మాత్రం సింకులో కాళ్ళు పెట్టి తిట్లు తినాలి. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులు జుమాకి వాడుకునే చోటును 2016లో మూసేసింది, ప్రభుత్వ విద్యాసంస్థ మతానికి దూరంగా ఉండాలంటూ. లండన్‌లో మికేలా స్కూల్ పెట్టిన నమాజు నిషేధాన్ని 2024 ఏప్రిల్‌లో హైకోర్టు సమర్థించింది. అన్నిటికన్నా చేదు కథ దక్షిణ కొరియాలోని తేగుది. అక్కడి క్యుంగ్‌పూక్ యూనివర్సిటీ పక్కన ముస్లిం విద్యార్థులు 2014 నుంచి ఒక ఇంట్లో నమాజు చేసుకునేవారు. అక్కడే మసీదు కట్టడానికి 2020లో అనుమతి వచ్చింది, 2021లో చుట్టుపక్కలవాళ్ళ ఫిర్యాదులతో పని ఆగింది. 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కట్టుకోవచ్చంది. ఆ తర్వాత స్థలం ముందు పంది తలలు పెట్టారు, పంది మాంసం కాల్చుకుని విందు చేశారు. ఈ సంగతులేవీ మన గ్రూపుల్లో కోడి వీడియో అంత తిరగవు.

ప్రయాణానికి ముందు ఇళ్ళలో పచ్చళ్ళు పెట్టే పని ఎప్పటిలాగే నడుస్తోంది. ఈ మధ్య అందులో ఒక మార్పు. బయటి దేశాల నుంచి మాంసం తేవడాన్ని ఐరోపా సమాఖ్య ఒప్పుకోదు, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి విమానాశ్రయంలోనే చెత్తబుట్టకు పోతాయి. ఇంటి దగ్గర తెలిసిన చేతులతో హలాల్ చేయించి, నూనెలో వేయించి, సీసాలో నింపి పంపినా అంతే. చేపలు, రొయ్యలు మాత్రం సొంత వాడకానికి 20 కిలోల వరకు తీసుకెళ్ళొచ్చు. అందుకని జర్మనీ వెళ్ళే పిల్లల సంచుల్లో ఇప్పుడు రొయ్యల పచ్చడే సర్దుతున్నారు, ఫత్వా సంగతి తెలిసిన ఇళ్ళలో కూడా.